గాజు కడుపుకు ముద్ద

ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో నానుతున్న అన్నానికి ఒక వాసన ఉంటుంది. అది వండిన వాసన కాదు, పాచిపోయిన వాసనా కాదు. నిద్రలేచిన మనిషి నోటి దగ్గర వచ్చే వెచ్చటి వాసన. షామీర్‌పేట దాటాక ఉన్న మా ల్యాబులో మొన్న ఒక కొత్త అమ్మాయి వాటర్‌బాత్ మూత తీసింది. తలుపు దగ్గరున్న నాకు ఆ వాసన తగిలింది. చేతిలో ఫైలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరైనా "పెద్దాయన తిన్నడా?" అని అడుగుతారేమోనని తిరిగి చూశాను కూడా. అలా అడిగేవాళ్లు ఈ ల్యాబులో ఎవరూ లేరు.

ఆ మాట దూలపల్లిలో నేను మొదటి ఉద్యోగం చేసిన చోటిది. అదొక చిన్న మందుల కంపెనీ. క్లోమం పనిచేయని రోగుల కోసం క్యాప్సూళ్లు తయారుచేసేవాళ్లం. పందుల క్లోమం ఎండబెట్టి చేసిన పొడి డ్రమ్ముల్లో వచ్చేది. దాన్ని ఆవగింజలంత పూసలు చేసి, పూసలకు పూత వేసి, క్యాప్సూల్ గొట్టాల్లో నింపేవాళ్లు. ఆ పూసలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి సంతకం పెట్టడం ల్యాబు పని. ల్యాబుకు పెద్ద, యాదగిరి సార్. కీసర మనిషి. యాభై దాటిన వయసు, పొడుగు, బక్క పలుచన. ఎప్పుడు చూసినా ఒక సైజు పెద్ద చొక్కా వేసుకున్నట్టు కనిపించేవారు. చొక్కా సరైనదేనని, మనిషే తగ్గిపోతున్నాడని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజు మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా విప్పగానే ఆయన వచ్చి నా ముందు ఒక గాజు పాత్ర పెట్టారు.

"ఒక ముద్ద నములు. మింగకు. గిండ్ల ఉమ్ము," అన్నారు.

వేళాకోళమేమో అనుకున్నాను. ఆయన మొహంలో నవ్వు లేదు. మేడ్చల్ నుంచి రెండు బస్సులు మారి, బీఎస్సీ పట్టా పట్టుకుని వచ్చింది ఎంగిలి ఉమ్మడానికా అని ఒళ్లు మండింది. అయినా ఉమ్మాను. నాకు కోపం తొందరగా వస్తుంది, ధైర్యం మాత్రం అంత తొందరగా రాదు.

"ఎంగిలి గాని తిండి ఒంటికి పట్టది బిడ్డా," అన్నారు సార్. "నోట్ల ఊరే నీళ్లే మొదటి మందు. అన్నాన్ని చక్కెర జేసే పని ఆన్నించే షురువైతది."

ఆ పాత్రలో ఆమ్లం పోసి, మాంసకృత్తుల్ని విరగ్గొట్టే పెప్సిన్ కలిపి, వెచ్చటి నీళ్లలో దించారు. లోపల చిన్న తెడ్డు తిరగడం మొదలుపెట్టింది. రెండు గంటలయ్యాక ఆమ్లం పులుపు చంపి, పైత్యరసం, మా పొడి కలిపారు. సాయంత్రానికి అందులో అన్నం లేదు, పప్పు లేదు, గుడ్డు ముక్క లేదు. పచ్చటి పలుచని నీళ్లున్నాయి. ఆయన ఆ పాత్రను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు.

"గిదే రేపటికి నీ చెయ్యి అయితది, నీ కన్ను అయితది. జూస్కో," అన్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో నా కుడిచేతిని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. అది నాది కానట్టు అనిపించింది.

కంపెనీ పరీక్షలకు వేరే పాత్రలు ఆరు ఉండేవి. ఈ ఏడోది సార్ సొంత పట్టుదల. రోజూ ఒంటిగంటకు ఎవరో ఒకరి డబ్బాలోంచి ఒక నమిలిన ముద్ద దానికి పడాలి. పుస్తకంలో చదివింది మర్చిపోతారు, పెట్టి చూసింది మర్చిపోరు అని ఆయన నమ్మకం. దానికి పెద్దాయన అని పేరు పెట్టింది ల్యాబు ఊడ్చే నర్సమ్మ. వాళ్లింట్లో పండగ పూట పోయిన పెద్దలకు ముద్ద తీసిపెట్టకుండా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. ఇదీ అలాంటిదేనని ఆమె లెక్క. "పెద్దాయన తిన్నడా?" అని అడిగి, తిన్నాడంటేనే తన డబ్బా విప్పేది. మేం ఆమెను ఆటపట్టించేవాళ్లం. కొన్నాళ్లకు ఆ మాట మా నోళ్లలోనూ పడింది. ఒకరోజు పని ఒత్తిడిలో పాత్రకు ముద్ద వేయడం మర్చిపోయి తినడానికి కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకుని, నేనే లేచి వెళ్లి వేసొచ్చాను. అప్పటికే అది ఆట కాకుండా పోయింది.

సార్ రోజూ రెండు పెద్ద డబ్బాలు తెచ్చుకునేవారు. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూరలు. అంతా తినేవారు. మొదటి ముద్దకు ముందు మూడు క్యాప్సూళ్లు, మధ్యలో రెండు. ఆయనకు క్లోమంలో రాళ్లు వచ్చి చాలా భాగం తీసేశారు. తాగుడు లేదు, పొగ లేదు, అయినా వచ్చింది.

"గోలీలు లేకుంటే నా లోపటికి పోయిన నెయ్యి నెయ్యి లెక్కనే బయటికొస్తది," అని ఒకసారి ఏ మొహమాటం లేకుండా చెప్పారు. "కడుపు నిండుతది. ఒంటికి మాత్రం కబురు అందది. నిండు కంచం ముంగట కూసోని ఆకలికి సచ్చుడు ఎట్లుంటదో నాకెర్క."

ఆయన అది చెప్పి మళ్లీ అన్నం కలుపుకున్నారు. ఆ చేతి వేళ్ల చివర్లు నున్నగా ఉండేవి. మొదటి రోజుల్లో చేతులకు తొడుగుల్లేకుండా ఆ పొడితో పనిచేసిన ఫలితం. వేలు పెట్టి హాజరు వేసుకునే యంత్రం వచ్చాక అది ఆయన్ని ఒక్కరోజూ గుర్తుపట్టలేదు. ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ ప్రయత్నించమనేది. "నేను లేనంటాంది," అని ఆయన నవ్వి, రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి వచ్చేవారు.

క్లోమం గురించి ఆయన చెప్పిన పద్ధతి నేనింకెక్కడా వినలేదు. మాంసాన్ని కరిగించే రసాలు క్లోమంలో నిద్రపోతూ పుడతాయట. మెలకువతో పుడితే పుట్టిన ఇంటినే తినేస్తాయి కాబట్టి. వాటిని నిద్రలోనే పేగులోకి దించాలి. పేగు గోడ దగ్గర ఇంకొక ఎంజైము కాపలా ఉండి, ఒకదాన్ని తట్టి లేపుతుంది. అది మిగతావాటిని లేపుతుంది. "నాయి తొవ్వలనే, పేగు దాకా పోకముందే లేసినయి," అనేవారు సార్, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "నన్నే అన్నం అనుకున్నయి."

"మరి మనిషి పోయినంక అవేం చేస్తయి సార్?" అని అడిగాను నేను. అడగకపోతే బాగుండేది.

"వాటికి ఎవలు జెప్తరు, మనిషి పోయిండని?" అన్నారు ఆయన. "బతికున్నన్ని దినాలు కడుపు తనకు తాను జిగురు పూసుకుంటది, అందుకే అది కరగది. ఊపిరి ఆగినంక పూసేటోడు ఉండడు. పని చేసేటియి మాత్రం ఉంటయి. ఒళ్లు వెచ్చగున్నంత సేపు జేస్తనే ఉంటయి. అందరికంటె ముంగట క్లోమం తనను తాను తింటది."

నర్సమ్మ చీపురు అక్కడే పడేసి బయటికి వెళ్లిపోయింది. ఆరోజు మధ్యాహ్నం పాత్రలో తెడ్డు తిరుగుతున్న చప్పుడు నాకు ల్యాబంతా వినిపించింది. చప్పుడు రోజూ ఉండేదే.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా పూసలకు పూత ఎందుకంటే, కడుపులోని ఆమ్లం తగిలితే మా ఎంజైములు చచ్చిపోతాయి. పూత వాటిని ఆమ్లం దాటించి, పేగులో విప్పుకోవాలి. అందుకే పరీక్షలో పూసల్ని ముందు రెండు గంటలు ఆమ్లంలో ఉంచాలి. చెక్కుచెదరకుంటే అప్పుడు పేగు ద్రవంలో వేసి బలం చూడాలి. ఆ రోజు నేను పూసల్ని ఆమ్లంలో వేసిన పావుగంటకు కరెంటు పోయింది. వచ్చేసరికి నాలుగైంది. నీళ్లు చల్లారిపోయాయి. మళ్లీ మొదలుపెడితే ఐదున్నర కంపెనీ బస్సు తప్పిపోతుంది. అంతకుముందు నేను చూసిన ఏ బ్యాచూ ఆమ్లంలో విరగలేదు. కొత్త పూసలు తీసి నేరుగా పేగు ద్రవంలో వేశాను. బ్రహ్మాండంగా పనిచేశాయి. రిపోర్టులో ఆమ్లం గడిలో 'రెండు గంటలు, పూత సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టాను. బస్సులో హాయిగా నిద్ర కూడా పట్టింది.

సార్‌కు ఒక నియమం ఉండేది. మేం సంతకం పెట్టిన ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని క్యాప్సూళ్లు ఆయన ముందు వాడేవారు. సరుకు గేటు దాటడానికి ఎలాగూ రెండు మూడు వారాలు పట్టేది. ఆలోగా డాక్టరు రాసిన మందు పక్కన పెట్టి మాది మింగేవారు. "చిన్న పోరలు గూడ మింగుతరు బిడ్డా. ముంగట నా కడుపు పాస్ జెయ్యాలె," అనేవారు. నేను సంతకం పెట్టిన ఆ బ్యాచ్ కూడా అలాగే ఆయన డబ్బా పక్కకు వచ్చి చేరింది.

వారం తిరిగేసరికి సార్ మొహంలో దవడ ఎముకలు పైకి తేలాయి. రెండు డబ్బాలు చాలక క్యాంటీన్ నుంచి ఇంకో ప్లేటు తెప్పించుకుంటున్నారు. అంతా తింటున్నారు. చెయ్యి కడుక్కుని లేచేటప్పుడు బల్ల పట్టుకుంటున్నారు. నర్సమ్మ ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"సార్ తింటాండు. సార్‌కు దొర్కుతలేదు. నడుమల ఎవలో తింటాండ్రు."

నేను నవ్వేశాను. నెపం పెద్దాయన మీద పెట్టకు పిచ్చిదానా అన్నాను. లోపల మాత్రం ఆమ్లం గడి, అందులో నా చేతిరాత కనబడ్డాయి. అప్పుడైనా వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు. ఆయన జబ్బే ముదిరిందేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంకొకరి జబ్బు ముదరాలని నేను కోరుకున్న రోజులవి, అంతకంటే మంచి మాట దానికి నాకు దొరకలేదు.

పన్నెండో రోజు పొద్దున సార్ ఆ బ్యాచ్ క్యాప్సూళ్ల సీసా తెచ్చి నా ముందు పెట్టారు.

"యాసిడ్ల ఎంతసేపు ఉంచినవ్?"

"రెండు గంటలు సార్."

"మంచిది. మళ్ల ఉంచు."

రెండు కుర్చీలు తెచ్చి ఆ గాజు పాత్ర ముందు వేశారు. ఇద్దరం కూర్చున్నాం. ఇరవై నిమిషాలకే పూసలు ఉబ్బాయి. పూత పొట్టులాగా ఊడింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆయన లేవలేదు, నన్ను లేవనివ్వలేదు. రెండు గంటలూ కూర్చోబెట్టారు. ఆ తర్వాత పేగు ద్రవంలో కలిపితే అందులో ఏ బలమూ లేదు. గుడ్డు ముక్క వేసింది వేసినట్టే తిరుగుతూ ఉండిపోయింది.

"మందు మంచిదే బిడ్డా," అన్నారు సార్. "తొవ్వల సచ్చింది."

నేను ఏడుస్తూ అడిగాను. "మీకెప్పుడు తెలిసింది సార్?"

"మూడో దినమే అనుమానం కొట్టింది."

"మరి పదకొండు రోజులు ఎందుకు తిన్నరు?"

ఆయన పాత్రలో గుడ్డు ముక్కను చూస్తూ ఉన్నారు.

"కాయితం మీద నీ సంతకం ఉన్నది గదా. సంతకాన్ని నమ్మిన, కడుపును అనుమానించిన," అన్నారు.

బ్యాచ్‌ను ఆయనే ఆపించారు. కారణం గడిలో పూత లోపం అని రాశారు. అది అబద్ధం కాదు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే ఆయన మీద కోపం తెచ్చుకుని బతికేదాన్నేమో. ఆ పదకొండు రోజుల్లో పోయిన ఒళ్లు ఆయనకు మళ్లీ రాలేదు. రెండేళ్ల తర్వాత పోయారు. ఆ జబ్బు తీరే అలాంటిదని డాక్టర్లు చెప్పారట. నాకు తెలియదు.

కబురు తెలిసి కీసర వెళ్లేసరికి పొద్దున పదకొండు దాటింది. కొడుకులు బిడ్డలు లేని ఇల్లు. సార్ భార్య అండాలమ్మ గడప పక్కన గోడకానుకుని కూర్చుంది. ఆయన్ని వాకిట్లో గాజు మూతున్న ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. అందరూ మూతలోంచి మొహం చూసి ఏడుస్తున్నారు. నా చూపు పొట్ట దగ్గరే ఆగిపోయింది. పెట్టె పక్కన మోటారు గుర్రుమంటోంది. ఇంతలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. మే నెల ఎండ. ఎవరూ పట్టించుకోలేదు. పెట్టె లోపలి చలి ఎంతసేపు ఆగుతుందో, ఆ తర్వాత లోపల ఏం మొదలవుతుందో అక్కడ తెలిసింది నాకొక్కదానికే. నేను పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, జనరేటర్ తెప్పించండి, జల్దీ తెప్పించండి అని అరిచాను. దుఃఖంలో అంటోందనుకుని ఎవరో ఆడమనిషి నన్ను పక్కకు లాగబోయింది. కరెంటు వచ్చేదాకా నేను గాజు మూత మీది నుంచి చెయ్యి తియ్యలేదు. లోపల ఆయన పొట్ట కదిలినట్టు అనిపించింది. కదిలి ఉండదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయనకేదో కొరత మిగిలినట్టు. వాళ్ల పాత చెలక పొలం అప్పటికే ప్లాట్లయింది. హద్దు రాళ్ల మధ్య ఒక చోట శుభ్రం చేసి అన్నం, మటన్, గుడ్డు, గారెలు, పెరుగు అన్నీ పెట్టారు. కాకి ఒక్కటే వచ్చింది. ఎదురు రాయి మీద వాలి, విస్తట్లోకి చూస్తూ కూర్చుంది. దిగలేదు. సార్ వాళ్ల అన్న ముందుకెళ్లి చేతులు జోడించాడు.

"అండాలును మంచిగ జూసుకుంటం తమ్మీ. రంది పెట్టుకోకు, తిను."

కాకి కదల్లేదు. ఇంకెవరో ఇంకేదో మాటిచ్చారు. అరగంటైంది. కొరత ఏమిటో నాకు తెలుసు. కాకి నన్నే చూస్తూ కూర్చుందని నాకనిపించింది. అక్కడున్న వాళ్లందరి ముందు నోరు విప్పాలని రెండుసార్లు అనుకుని రెండుసార్లూ ఆగిపోయాను.

అప్పుడు అండాలమ్మ తన సంచిలోంచి ఒక సీసా తీసింది.

"గోలీ లేంది ఆయన ముద్ద ముట్టడు గదా," అంది మామూలుగా. సీసా నా చేతిలో పెట్టింది. "నీకు ఎర్క గదా బిడ్డా, నువ్వే కలుపు."

పూసల్ని నలపకూడదు, వేడి అన్నంలో వేయకూడదు. మింగలేని రోగులకు ఎలా పెట్టాలో సార్ నేర్పిందే. మణికట్టు ఆనించి అన్నం చల్లారిందని చూసుకున్నాను. పెరుగు కలిపి, క్యాప్సూల్ విప్పి, పూసలు పైన చల్లి పక్కకు జరిగాను. కాకి దిగింది. ఆ ముద్దనే తింది. మిగతావి ముట్టలేదు. జనం ఊపిరి పీల్చుకుని భోజనాలకు లేచారు. నేను లేవలేకపోయాను. కాకి మళ్లీ రాయి ఎక్కి కూర్చుంది. ఎండలో నేనూ, అదీ. అది ఎగిరిపోయాక వాచీ చూసుకుంటే, ముద్ద ముట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు గడిచాయి.

అప్పటి నుంచి ఏటా ఆయన పోయిన తిథికి అండాలమ్మ ఫోన్ చేస్తుంది. నేను సెలవు పెట్టి కీసర వెళ్లి ముద్ద కలుపుతాను. ఎవరి చేతి ముద్దా ముట్టని మనిషి నా చేతిది ముట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు, ఆయనకు నేనంటే అంత ప్రేమ అని. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుంటాను. ఈ ఏడు ఇక మోయలేకపోయాను. కాకి తిని ఎగిరిపోయాక, గిన్నెలు సర్దుతున్న అండాలమ్మ పక్కన కూర్చుని చెప్పాను.

"అమ్మా, మీకు ఒకటి చెప్పలేదు. సార్‌కు పట్టని ఆ బ్యాచ్ మీద సంతకం నాది. పరీక్ష చెయ్యకుంటనే పెట్టిన."

ఆమె చేతిలో గిన్నె ఆగలేదు.

"ఎర్కే," అంది. "గా పదకొండు దినాలు వండి పెట్టింది నేనే గదా. ఆయన అన్నీ జెప్పిండు."

"మరి ఏటేటా నన్నే ఎందుకు పిలుస్తున్నరు?"

అండాలమ్మ తల ఎత్తి నన్ను చూసింది. ఆ కళ్లలో కోపం లేదు. ప్రేమ ఉందని కూడా చెప్పలేను.

"ఎవల చేతుల ఆయన తిండి ఆగిందో, ఆ చేతులనే ముట్టాలె," అంది. "నేనున్నన్ని ఏండ్లు రావాలె బిడ్డా నువ్వు. నేను పోయినంక గూడ రావాలె."

హద్దు రాయి మీద ఇంకో కాకి వాలింది. ఆమె పెరుగు గిన్నె నా వైపు జరిపింది. నేను చెయ్యి కడుక్కుని మళ్లీ కలపడం మొదలుపెట్టాను.